సముద్రం లేని సీమలో ఏడు సముద్రాలు

పిల్లలూ! సముద్రం చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి? విశాఖపట్నం అంటారు కొందరు. బందరు అంటారు కొందరు. చీరాల అంటారు మరికొందరు. వనపర్తి అని మాత్రం ఎవ్వరూ అనరు. అనడానికి వీలూ లేదు. పటం ముందు పెట్టుకుని చూడండి. వనపర్తి నుంచి తిన్నగా గీత గీసినట్టు పోయినా, సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. పైగా అది వానలు తక్కువ పడే పాలమూరు సీమ. పూర్వం మహబూబ్‌నగరం అన్న ఒకే జిల్లాగా ఉన్న ఆ సీమను 2016వ సంవత్సరం అక్టోబరులో కొన్ని జిల్లాలుగా విడదీశారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అలా ఏర్పడినవే.

అటువంటి చోట ఏడు సముద్రాలు ఉన్నాయంటే మీరు నమ్ముతారా? మా మనవడు నమ్మలేదు. వాడు ఏడో తరగతి చదువుతున్నాడు. "తాతా, భూగోళంలో అలా లేదే!" అన్నాడు. వాడి చెల్లెలు ఐదో తరగతి. అది మాత్రం, "ఉంటే చూపించు" అన్నది. శాస్త్రం చదివేవాళ్ళు అనవలసిన మాట అదే. అందుచేత దసరా సెలవుల్లో ఇద్దరినీ వెంటబెట్టుకుని బయలుదేరాను. ఆ సీమలో రాజులు కట్టిన కోటలు, మేడలు కూడా దారిలోనే ఉన్నాయి కనుక, వాటినీ చూడాలని నిశ్చయించుకున్నాము.

చెరువు కట్టల మీదా, పొలాల గట్ల మీదా, బురదలోనూ తిరగాలి. మామూలు కారు పనికిరాదు. అందుచేత జీపు మాట్లాడుకున్నాము. జీపు తోలే అతను నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే. ఇప్పుడు అతనికి యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నా, నన్ను చూడగానే బీడీ దాచేశాడు.

ముందు జీపు సంగతి కొంచెం చెప్పుకుందాము. 1940లో అమెరికా సైన్యంవారు, తేలికగా ఉండి, రోడ్డు లేని చోట కూడా పోగల బండి ఒకటి కావాలని కంపెనీలను అడిగారు. బాంటమ్ అనే చిన్న కంపెనీ ఏడు వారాల్లో మొదటి బండిని తయారుచేసి ఇచ్చింది. తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధం కోసం లక్షల బండ్లు చేశాయి. యుద్ధం ముగిశాక ఆ బండ్లు పొలాలకూ, అడవులకూ, కొండదారులకూ వచ్చాయి. మన దేశంలో మహీంద్రా కంపెనీవారు 1940ల చివరినుంచే జీపులు బిగించడం మొదలుపెట్టారు.

జీపు గొప్ప ఏమిటి? మామూలు బండిలో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. తక్కిన రెండూ ఊరికే దొర్లుతాయి. బలం అందే చక్రాలు బురదలో జారితే బండి కదలదు. జీపులో ఒక మీట వేస్తే నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. వెనుక చక్రాలు జారినా ముందు చక్రాలు లాగుతాయి. ఇంకొక మీట వేస్తే చక్రాలు చాలా నెమ్మదిగా, చాలా బలంగా తిరుగుతాయి. బండిని బురదలోంచి లాగేటప్పుడు ఎద్దు పరుగెత్తదు చూడండి! మెడ వంచి, ఒక్కొక్క అడుగే వేస్తుంది. ఇదీ అంతే.

ఆదివారం తెల్లవారుజామునే గద్వాల చేరాము. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. రెండు నదుల మధ్య గడ్డ కనుక నడిగడ్డ. పేరు పెట్టినవాడెవరో కాని, భూగోళం పాఠమంతా ఒక్క మాటలో చెప్పేశాడు!

గద్వాల కోటను సోమభూపాలుడు కట్టించాడు. ఆయననే సోమనాద్రి అని కూడా అంటారు. మూడు వందల ఏళ్ళ నాటి కోట ఇది. కోట అనగానే మా మనవడు గోలకొండ వంటి రాతి గోడల కోసం వెతికాడు. ఇక్కడ పెద్ద పెద్ద మట్టి గోడలు ఉన్నాయి. వాడికి కొంచెం నిరుత్సాహం కలిగింది.

"మట్టిగోడ ఫిరంగి గుండుకు ఆగుతుందా తాతా?" అన్నాడు.

నేను ఒక గులకరాయి తీసి పక్కనున్న బండ మీదికి విసిరాను. అది ఠంగున ఎగిరి పడింది. ఇంకొక రాయి మెత్తటి మట్టి కుప్ప మీదికి విసిరాను. అది కూరుకుపోయి అక్కడే ఉండిపోయింది. రాతిగోడకు గుండు తగిలితే రాయి పగులుతుంది, పెచ్చులు లేస్తాయి. దళసరి మట్టిగోడకు తగిలితే, గుండు వేగాన్ని మట్టి కొద్దికొద్దిగా మింగేస్తుంది. అందుకే ఫిరంగులు వచ్చిన తరువాత ఐరోపాలో కూడా కోటగోడలకు మట్టి దిబ్బలు ఆనించడం మొదలుపెట్టారు. మనవడు మట్టిగోడ కేసి మళ్ళీ చూశాడు. ఈసారి కొంచెం మర్యాదగా చూశాడు.

కోట లోపల చెన్నకేశవస్వామి ఆలయం ఉన్నది. ఎత్తయిన గోపురం ఊరంతటికీ కనిపిస్తుంది. అదే కోటలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నది. దానికి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి పేరు పెట్టారు. గద్వాలను చివరగా పాలించినది ఆమెయే. గుర్రాలు నడిచిన చోట ఇప్పుడు విద్యార్థుల సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ నిలబడి ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి మీరు తెలుసుకోవాలి. నిజాము రాజ్యంలో సంస్థానాలని కొన్ని ఉండేవి. ఆ రాజులు నిజాముకు కప్పం కట్టుకుంటూ తమ నేలను తామే ఏలుకొనేవారు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, పాల్వంచ వాటిలో కొన్ని. గద్వాలలో కార్తిక మాఘ మాసాల్లో పండితుల సభలు జరిగేవి. దూరదూరాల నుంచి కవులు వచ్చి, పద్యాలు చెప్పి, బహుమానాలు అందుకుని వెళ్ళేవారు. తిరుపతి వేంకట కవులు కూడా ఇటు వచ్చినవారే. అందుకే దీనికి విద్వద్గద్వాల అని పేరు.

అయినా, తెలంగాణంలో కవులే లేరని ఒకరు అన్నారట. ఆ మాటకు జవాబు చెప్పినవారు ఈ ప్రాంతంవారే, సురవరం ప్రతాపరెడ్డిగారు. ఆయన వాదులాడుతూ కూర్చోలేదు. ఊరూరి నుంచి కవుల పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. లెక్క చూపితే వాదం ఉండదు. లెక్కల మాస్టర్లకు ఈ కథ చాలా ఇష్టం!

గద్వాల చీర సంగతి మా మనవరాలు అడిగింది. వాళ్ళ అమ్మకు ఒకటి ఉన్నది. ఒక నేతగాని ఇంటికి వెళ్ళి మగ్గం చూశాము. చీర నడుమ అంతా నూలు. అంచూ కొంగూ పట్టు. నూలుకూ పట్టుకూ రంగు వేరు, స్వభావం వేరు. రెంటినీ కుట్టు లేకుండా ఎలా కలపాలి? అడ్డపోగు వేసిన ప్రతిసారీ, అంచు పోగును నడుమ పోగుతో మెలివేస్తారు. ఒక్క మెలి తప్పినా అక్కడ చీలిక వస్తుంది. "రోజుకు ఎన్నిసార్లు?" అన్నది మనవరాలు. నేతాయన నవ్వి, "లెక్క పెడితే నేత సాగదమ్మా" అన్నాడు.

గద్వాలకు దగ్గరలోనే జూరాల ఆనకట్ట ఉన్నది. కృష్ణ తెలంగాణంలో ప్రవేశించాక మొదట ఎదురయ్యే పెద్ద ఆనకట్ట ఇదే. ఒక్కొక్కటి 39 మెగావాట్ల యంత్రాలు ఆరు ఇక్కడ తిరుగుతాయి. ఆరు ముప్పైతొమ్ముదులు ఎంతో మీరే చెప్పండి. వరద రోజులు కనుక గేట్లు ఎత్తి ఉన్నాయి. తుంపర్లు మా మీద పడుతూంటే పిల్లలు కేరింతలు కొట్టారు. "ఇది ఒకటో సముద్రమా?" అన్నాడు మనవడు. "కాదు, ఇది నది. ఓపిక పట్టు" అన్నాను.

మధ్యాహ్నం ఎర్రవల్లి మీదుగా పెద్ద రోడ్డెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాము. పెబ్బేరు దగ్గర రోడ్డు వదిలి పొలాల దారి పట్టాము. ఇక్కడి నుంచే జీపుకు పని పడింది. మొన్నటి వానకు నల్లరేగడి నానిపోయి ఉన్నది. చక్రం చుట్టూ బురద పట్టి, పట్టి, చక్రం గారెలాగ లావైపోయింది. ఒక పల్లంలో బండి ఆగిపోయింది. వెనుక చక్రాలు గిర్రున తిరిగి గుంట తవ్వడం మొదలుపెట్టాయి.

నల్లరేగడి ఇలా ఎందుకు చేస్తుంది? ఈ మట్టిలోని రేణువులు చాలా సన్నవి. పలకలు పలకలుగా పేర్చినట్టుంటాయి. నీరు ఆ పలకల నడుమ దూరి వాటిని ఎడం చేస్తుంది. మట్టి ఉబ్బుతుంది, జిగటగా అవుతుంది. ఎండాకాలంలో నీరు పోగానే ముడుచుకుని, చెయ్యి దూరేటంత నెర్రెలు విచ్చుతుంది. రైతుకు ఈ మట్టి మంచిది. తడిని చాలాకాలం దాచిపెడుతుంది. బండివాడికి మాత్రం మంచిది కాదు.

మా డ్రైవరు తొందరపడలేదు. "వేగం ఇస్తే ఇంకా లోపలికి పోతది సారూ" అని ఇంజను ఆపి, దిగాడు. చక్రాల్లో గాలి కొంత తీశాడు. అలా చేస్తే చక్రం నేలకు ఎక్కువ వెడల్పున ఆనుతుంది. బరువు పంచుకోబడి తక్కువ దిగబడుతుంది. పిల్లలు తుమ్మ కొమ్మలూ రాళ్ళూ ఏరి తెచ్చి చక్రాల ముందు వేశారు. మీట వేసి, మెల్లగా, చాలా మెల్లగా, బండిని కదిలించాడు. ముందు చక్రాలు కొమ్మలను పట్టుకున్నాయి. జీపు బర్రెలాగ లేచి గట్టెక్కింది. మా మనవరాలి ముఖం మీద బురద బొట్టు ఎండేదాకా అది తుడుచుకోలేదు!

గట్టెక్కేసరికి ఎదురుగా నీరు. కనుచూపు మేర నీరు! గాలికి చిన్న చిన్న అలలు లేచి కట్ట రాళ్ళకు కొట్టుకుంటున్నాయి. ఒడ్డున ఆలయ గోపురం, దాని నీడ నీళ్ళలో వణుకుతూ. నీటి మీద తెల్ల కొంగలు. పిల్లలు కొంతసేపు మాట్లాడలేదు.

"ఇది రంగసముద్రం" అన్నాను.

ఇది శ్రీరంగాపురం. వనపర్తి సంస్థానాధీశులు పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడ రంగనాయకస్వామి ఆలయం కట్టించారు. పక్కనే ఈ చెరువు. వనపర్తి రాజులు తమ సీమలో తవ్వించిన ఏడు పెద్ద చెరువులకు సముద్రాలని పేర్లు పెట్టారు. రంగసముద్రం, శంకరసముద్రం అలాటివే. వీటినే సప్తసముద్రాలని పిలుస్తారు. ఇవీ పిల్లలూ, భూగోళంలో లేని ఏడు సముద్రాలు!

"చెరువును సముద్రం అనడం అబద్ధం కాదా?" అన్నాడు మనవడు.

"ఈ సీమలో ఏడాదికి సుమారు ఆరు వందల మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ కొద్ది రోజుల్లోనే. వాన పడ్డ నాడు వాగులు పొంగుతాయి, మర్నాటికి ఎండుతాయి. అలాంటి చోట ఎండాకాలం దాకా నిలిచే నీటిని చూసినవాడు దాన్ని ఏమంటాడు?" అని అడిగాను. వాడు ఆలోచించి, "సముద్రమనే అంటాడు" అన్నాడు.

కట్ట మీద నడుస్తూ చెరువు అంగాలు చూపించాను. కట్ట నీటిని ఆపుతుంది. తూము కావలసినంత నీటిని పొలాలకు వదులుతుంది. చెరువు నిండిపోయినప్పుడు ఎక్కువైన నీరు పోవడానికి ఒక పక్క మత్తడి ఉంటుంది. దీన్నే అలుగు అని కూడా అంటారు. మత్తడి లేకపోతే నీరు కట్ట మీంచి పొర్లి, మట్టిని కోసి, ఒక్క రాత్రిలో చెరువు గండి పడుతుంది. మత్తడి మీంచి పారిన నీరు వృథా పోదు. కాలువ పట్టుకుని కింది చెరువుకు చేరుతుంది. అది నిండాక దాని కిందిదానికి. గొలుసులో కడియాలలాగ చెరువులు ఒకదానికొకటి అందిస్తాయి. పై ఊరివాడు కట్ట బాగు చేసుకోకపోతే కింది ఊరివాడికి కూడా ముప్పే.

కట్ట పైన సన్నగా, అడుగున చాలా వెడల్పుగా ఉంటుంది. ఎందుకో మీరు ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. ఒక డబ్బాకు పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి చిల్లులు పొడవండి. నీళ్ళు నింపండి. పై చిల్లులోంచి వచ్చే ధార నీరసంగా ఉంటుంది. అడుగు చిల్లులోంచి వచ్చే ధార అన్నిటికంటె జోరుగా ఉంటుంది. లోతు పెరిగినకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది. ఒక ఘనమీటరు నీరు వెయ్యి కిలోల బరువు! ఆ రోజుల్లో చెరువు కట్టినవారికి ఘనమీటరు తెలియకపోవచ్చు. ఒత్తిడి మాత్రం తెలుసు. అందుకే ఆ కట్టలు ఇన్ని తరాలు నిలిచాయి.

ఇప్పుడు రంగసముద్రం వాన నీటి మీదనే ఆధారపడి లేదు. భీమా ఎత్తిపోతల పథకంలో కృష్ణ నీటిని పంపులతో ఎత్తి రంగసముద్రం, శంకరసముద్రాల్లో నిలవ చేస్తున్నారు. రాజుల నాటి చెరువుకు ఈనాటి పంపు తోడైంది.

ఆ రాత్రి వనపర్తిలో బస చేశాము. తెల్లవారి రాజుగారి మేడ చూశాము. పొడుగైన వరండాలు, ఎత్తయిన ద్వారాలు, కమానులు. కాని లోపల సింహాసనం లేదు. గోడకు నల్లబల్ల ఉన్నది! 1959 నుంచి ఇక్కడ ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తున్నది.  రాజా రామేశ్వరరావుగారు తమ మేడను చదువుకు ఇచ్చారు. ఆయన పార్లమెంటు సభ్యులుగా ఉన్నారు, పుస్తకాలు ప్రచురించే ఓరియంట్ లాంగ్‌మన్ సంస్థను నడిపారు. మా డ్రైవరు తమ్ముడు ఈ మేడలోనే యంత్రాల చదువు చదివాడట. "రాజుగారింట్ల చదివిన అని చెప్పుకుంటడు సారూ!" అన్నాడు.

ఇక్కడ మా మనవరాలు ఒక ప్రశ్న వేసింది. "తాతా, ఏడు సముద్రాలు తవ్వింది రాజేనా?"

రాజు చేత్తో పార పట్టి తవ్వలేదు. తవ్వినవారు వేరు. మట్టి పనీ రాతి పనీ తెలిసిన ఒడ్డెరలు, వేలమంది కూలీలు, గంపలు మోసిన ఆడవాళ్ళు తవ్వారు. సముద్రాలకు రాజుల పేర్లూ దేవుళ్ళ పేర్లూ ఉన్నాయి. గంపలు మోసినవారి పేర్లు ఎక్కడా లేవు. ఆ నేర్పు మాత్రం పోలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దేశంలో ఎన్నో ఆనకట్టలు కట్టినప్పుడు, మట్టి పనికి పాలమూరు కూలీలనే పిలిచారు. పిల్లలను చంకన వేసుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని, దూర దేశాలకు వలసపోయారు. ఇతరుల పొలాలకు నీరు తెచ్చే కట్టలు కట్టారు. తమ ఊళ్ళో చేలు మాత్రం ఎండిపోయి ఉండేవి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, సంక్రాంతి దాటిందంటే తరగతిలో సగం బెంచీలు ఖాళీ అయ్యేవి. హాజరు పట్టీలో ఆబ్సెంటు అని రాస్తూంటే చెయ్యి ఆడేది కాదు. అందుకే నాకు నిండిన చెరువును చూస్తే, నిండిన తరగతిగది గుర్తుకొస్తుంది.

వనపర్తి నుంచి పానగల్ మీదుగా కొల్లాపురం చేరాము. ఇది నాగర్‌కర్నూలు జిల్లా. సురభి వంశపు రాజులు జటప్రోలు నుంచి రాజధానిని ఇక్కడికి మార్చారు. తెల్లని మేడలూ తోటలూ ఉన్న ఈ ఊరిని కొందరు తెలంగాణపు మైసూరు అంటారు. కొల్లాపురం మామిడి పేరు మీరు వినే ఉంటారు. మేము వెళ్ళినది పండ్ల కాలం కాదు కనుక, చెట్లను మాత్రం చూసి సంతోషించాము.

దగ్గరలో సింగోటం. అక్కడి పెద్ద చెరువు పేరు శ్రీవారి సముద్రం. "ఎనిమిదోది!" అని అరిచింది మనవరాలు. ఇది వనపర్తి వారిది కాదు కాబట్టి ఏడింటి లెక్కలోకి రాదు. ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి ఆలయం. సంక్రాంతికి ఇక్కడ పెద్ద జాతర జరుగుతుంది. శ్రీశైలం జలాశయం నుంచి కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు మూడు మెట్లుగా నీటిని పైకి ఎత్తుతాయి. ఆ దారిలో నీరు ఈ సముద్రంలో కొంచెం ఆగి ముందుకు పోతుంది. మెట్లు ఎందుకంటే, పొలాలు నదికంటె చాలా ఎత్తులో ఉన్నాయి. నిండు బిందెను మేడ మీదికి ఒక్క ఊపున ఎత్తలేరు కదా! మెట్టు మెట్టుకూ దించి ఎత్తుతారు.

సాయంత్రానికి సోమశిల చేరాము. ఇక్కడ దారి రాళ్ళతో నిండి ఉన్నది. జీపు ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ ఒరుగుతూ, ఓడలాగ ఊగుతూ దిగింది. దిగాక చూశాము కదా, సముద్రతీరమే! కృష్ణ ఇక్కడ నది కాదు. శ్రీశైలం ఆనకట్ట నీరు వెనక్కు పరుచుకుని, కొండల నడుమ మహా జలాశయంగా నిలిచింది. ఎదుటి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. నల్లమల కొండలు నీలంగా, పొద్దుకు కొంచెం ఎర్రగా కనిపిస్తున్నాయి. బెస్తవారు వెదురు పుట్టిని గిరగిర తిప్పుతూ వల వేస్తున్నారు. పిల్లలు ఒడ్డున గవ్వల కోసం వెతికారు. ఆలిచిప్పలు దొరికాయి.

మా డ్రైవరు మాత్రం నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి, "సారూ, మా ఊరు అదిగో అక్కడున్నది" అన్నాడు. చెయ్యి చాచిన చోట నీరు తప్ప ఏమీ లేదు.

శ్రీశైలం ఆనకట్ట నిండినప్పుడు నూరుకు పైగా ఊళ్ళు మునిగిపోయాయి. 1981లో తన ఊరు ఖాళీ అయినప్పుడు అతనికి నాలుగేళ్ళు. తల్లి ఇసుర్రాయి నెత్తిన పెట్టుకున్నది. తండ్రి ఇంటి తలుపు ఊడదీసి బండిలో వేశాడు. అవ్వ మాత్రం వాకిట్లోంచి గుప్పెడు మట్టి చీరకొంగున కట్టుకున్నదట.

ఆ ప్రాంతపు పాత ఆలయాలను పురావస్తు శాఖవారు నీరు రాకముందే విప్పి, ఎత్తయిన చోట్ల మళ్ళీ కట్టారు. ప్రతి రాయికీ ఒక అంకె వేసి, ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో రాసుకుని, అదే వరుసలో పేర్చారు. సోమశిలలో ఆలయాలు అలా కట్టినవే. జటప్రోలు ఆలయాలు, అలంపురంలో ఇప్పుడున్న కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా అలా కదిలి వచ్చినవే. ఇది చాలా మెచ్చుకోదగిన పని. పిల్లలకు ఇదంతా చెబుతూంటే డ్రైవరు విని, "అవును సారూ. గుడి రాళ్ళకు నంబర్లు వేసిన్రు. మా ఇండ్లకు ఎవరూ నంబర్లు వెయ్యలే" అన్నాడు.

అతను కోపంగా అనలేదు. కాని మా మనవడు ఆ మాటకు ఉలిక్కిపడ్డాడు. "మరి ఈ నీళ్ళంటే మీకు కోపం రాదా మామా?" అన్నాడు.

"ఎట్ల వస్తది బిడ్డా? ఇప్పుడు మాకున్న రెండెకరాలకు పారేది కూడ ఈ నీళ్ళే. కల్వకుర్తి కాలువ మా చేను పక్కనుంచే పోతది. ఎండకాలం నీళ్ళు తగ్గినప్పుడు మా అమ్మను తోలుకొచ్చి చూపిస్త. బాయి ఎక్కడుండె, చింతచెట్టు ఎక్కడుండె, అన్నీ చెప్తది. చూసి ఇంటికి పోయి చేనుకు నీళ్ళు కట్టుకుంటది."

మేమెవ్వరమూ ఏమీ అనలేదు. పొద్దు వాలింది. పుట్టిలోని బెస్తవాడు మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. మా మనవరాలు ఒడ్డున కూర్చుని, డ్రైవరును అడిగి, అతను చెప్పినట్టు నోటుబుక్కులో ఒక పటం గీసింది. బావి, చింతచెట్టు, బడి, వాళ్ళ ఇల్లు, పక్కింటివాళ్ళ ఇల్లు. ఇళ్ళకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసింది. అతను నాలుగేళ్ళప్పుడు చూసినది కనుక పదకొండు ఇళ్ళే గుర్తున్నాయి. "తక్కినవి మా అమ్మను అడిగి చెప్త" అన్నాడు. మర్నాడే అడిగి, ఫోనులో చెప్పాడు. ఇప్పుడు ఆ పటంలో నలభై రెండు ఇళ్ళు ఉన్నాయి.

పిల్లలూ, మీ ఊళ్ళో సముద్రం ఉండకపోవచ్చు. చెరువు ఉంటుంది. లేకపోతే, ఉండేదని చెప్పే పెద్దవాళ్ళు ఉంటారు. ఈ సెలవుల్లో ఒక పని చెయ్యండి. చెరువు పేరేమిటో, ఆ పేరు ఎందుకు వచ్చిందో అడగండి. కట్ట ఎక్కడ, తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ అని పెద్దవాళ్ళ వెంట వెళ్ళి చూడండి. ఒంటరిగా నీళ్ళ దగ్గరికి వెళ్ళకండి. మత్తడి దాటిన నీరు ఏ ఊరి చెరువుకు పోతుందో కనుక్కోండి. ఆ చెరువు కట్టకు గంప మోసినవారి మనవలు ఎవరైనా మీ వీధిలో ఉన్నారేమో విచారించండి. అన్నీ ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసి, పటం గీయండి. పటంలో దిక్కులు గుర్తించడం మరిచిపోకండి. ఉత్తరం పైకి ఉండాలి.